కూలకముందే నిధులు కావాలి

ఇబ్రహీంపట్నంలో పట్టాలు అందుకుంటున్న మీతో మాట్లాడే ఈ అవకాశాన్ని నేను ఒకే విషయానికి వాడుకుంటాను. అది వంతెనల మరమ్మతు. ఇక్కడి పెద్ద చెరువు ఎవరి కాలం నాటిదో, ఆ ఇబ్రహీం కుతుబ్ షా హయాంలోనే 1578లో మూసీ మీద పురానాపూల్ వంతెన కట్టారు. 1908 సెప్టెంబరు వరద హైదరాబాద్‌ను ముంచెత్తినా అది నిలిచింది. పనితనం ఒక్కటే అందుకు కారణం కాదు. అంతకుముందు వరదలకు దెబ్బతిన్నప్పుడు, 1820లో నిజాం సికందర్ జా కాలంలో దాన్ని బాగుచేయించారు. వంతెన ఆయుష్షులో సగం కట్టినవాళ్ల చేతిలో ఉంటే, మిగతా సగం తర్వాతి తరాలు పెట్టే ఖర్చులో ఉంటుంది. ఆ ఖర్చుకు డబ్బును, వంతెనకు దెబ్బ తగలకముందే, విడి పద్దు కింద, శాఖల వారీగా కాక జనం తిరిగే దారుల వారీగా కేటాయించాలన్నది నా వాదన.

వంతెన ఒక్కరోజులో పాడవదు. స్లాబు మీది నీళ్లు బయటికి పోయే గొట్టాల్లో ముందు మట్టి పూడుకుంటుంది. నిలిచిన వాననీరు సన్నటి పగుళ్లలోంచి లోపలి చువ్వలకు చేరుతుంది. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి, కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోతుంది. కింద వాగు ఉధృతికి పునాది చుట్టూ ఇసుక కోసుకుపోతుంది. గొట్టం శుభ్రం చేయడానికి ఇద్దరు కూలీలు, ఒక పార చాలు. పునాది కదిలాక కోట్లు కావాలి. అయినా మన బడ్జెట్లు ఏళ్ల తరబడి కొత్త నిర్మాణాన్ని ప్రణాళికా వ్యయంగా, నిర్వహణను ఎక్కువగా ప్రణాళికేతర వ్యయంగా చూశాయి. 2017-18 నుంచి కేంద్ర బడ్జెట్‌లో ఆ విభజన పోయింది, అలవాటు మాత్రం పోలేదు. డబ్బుకు కటకట వస్తే మొదట కోత పడేది నిర్వహణకే. వరద వచ్చిపోయాక నష్టం అంచనాలు వేసి నిధుల కోసం ఎదురుచూడటమే మన పద్ధతిగా మారింది.

శాఖల మధ్య గీతలు ఈ నష్టాన్ని పెంచుతాయి. 2005 అక్టోబరు 29న మనకు దూరం కాని వలిగొండ దగ్గర చెరువు తెగి, ఆ నీటి తాకిడికి చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజర్ పట్టాలు తప్పి వందమందికి పైగా చనిపోయారు. చెరువును చూసేది ఒక శాఖ, వంతెనను చూసేది మరొకటి. నీటికి ఆ తేడా తెలియదు. గొలుసుకట్టు చెరువులున్న ఈ ప్రాంతంలో కట్టను, అలుగును, కింది కల్వర్టును కలిపి తనిఖీ చేయాల్సిందే. 2016లో మొదలైన భారత వంతెనల నిర్వహణ వ్యవస్థ కింద జాతీయ రహదారుల మీది దాదాపు 1.72 లక్షల వంతెనలు, కల్వర్టులను నమోదు చేశారు. మంచి పని. కానీ బడిపిల్లలు, కూరగాయల రైతులు, పల్లెవెలుగు బస్సులు రోజూ దాటేవి ఎక్కువగా పంచాయతీరాజ్, ఆర్‌అండ్‌బీ కల్వర్టులు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాల్లో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు ఉన్నాయి. వాటికీ అలాంటి జాబితా తయారై గ్రామసభ ముందుకు రావాలి.

వంతెనే లేని ఊళ్లుండగా పాతవాటికి ఖర్చెందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే మానేరు మీద ఓడేడు వంతెనను చూడండి. 2016లో మొదలైన పని పూర్తికాకుండానే 2024 ఏప్రిల్‌లో ఈదురుగాలికి గర్డర్లు కూలాయి. కొత్త పనులు మొదలుపెట్టి వదిలేస్తే ఆ ఊళ్లకూ వంతెన రాదు. చేతిలో ఉన్నవాటిని నిలబెట్టుకుంటూ, మొదలుపెట్టినవి పూర్తిచేస్తేనే కొత్తవాటికి డబ్బు మిగులుతుంది. వాహనాల రద్దీని బట్టే నిధులివ్వాలని ఇంకొందరంటారు. రద్దీ ఒక్కటే కొలమానమైతే నాగార్జునసాగర్ హైవేకే ఎప్పుడూ ముందు వరుస. ఒక కల్వర్టు తెగితే ఎన్ని కిలోమీటర్లు చుట్టూ తిరగాలి, ఆసుపత్రికి, కాలేజీకి, ఆర్టీసీ బస్సుకు వేరే దారి ఉందా అన్నవి కూడా లెక్కలోకి రావాలి. స్థానిక రవాణా ప్రణాళిక చేయాల్సిన పని అదే. పంచాయతీల్లో సాంకేతిక సిబ్బంది లేరన్నది మూడో అభ్యంతరం. నిజమే, అందుకే వారిని నియమించాలి. అమెరికాలో 1967లో సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయాకే దేశవ్యాప్త తనిఖీ ప్రమాణాలు వచ్చాయి. ఆ పాఠం నేర్చుకోవడానికి మనం ప్రాణాలు చెల్లించనక్కర్లేదు.

ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్న ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఈ పని మొదలుపెట్టడానికి మనుషులకు కొరత లేదు. ఏటా వానాకాలానికి ముందు మండలంలోని కల్వర్టులన్నిటినీ అధికారులతో కలిసి పరిశీలించడం సివిల్ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. తుది నిర్ణయం అర్హత గల ఇంజినీర్లదే. సమాచారం మాత్రం అందరిదీ కావాలి. మీలో కొందరు రేపు అంచనాలు తయారుచేస్తారు, కొందరు ఫైళ్ల మీద సంతకాలు పెడతారు, అందరూ ఓట్లు వేస్తారు. కొత్త వంతెన అడిగినంత గట్టిగా పాత వంతెన తనిఖీ నివేదికను కూడా అడగండి. మరమ్మతు పద్దులో కోత పెట్టేవారిని కారణం చెప్పమని నిలదీయండి. మీ చదువు మీకు మంచి బతుకునివ్వాలని, మీ ఊళ్ల దారులను భద్రంగా ఉంచాలని మనసారా కోరుకుంటున్నాను.