మోపెడు మొరాయించినప్పుడు
(సంఘ సభ్యుల వారపు కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద శతకములను గూర్చియో, పండుగలను గూర్చియో వినుటకు అలవాటుపడిన పెద్దలకు నేటి విషయము కొంత వింతగా తోచవచ్చును. మోపెడు మరమ్మతు సభలో చెప్పదగిన మాటయా అని ఒకరిద్దరు మమ్ము అడిగిరి కూడ. పళ్ళిపట్టు, పొదటూరుపేట, ఆర్.కె. పేట వైపు మగ్గమునకు నూలుమూట చేరునది ఈ బండిమీదనే. నేసిన బట్ట తిరిగి వెళ్ళునదియు దీనిమీదనే. తిరువళ్ళూరు చుట్టుప్రక్కల పాలక్యానులు, కూరగాయల గంపలు, పూలమూటలు తెల్లవారకముందే బయలుదేరునది దీనితోనే. అట్టి బండి ఒకపూట కదలకున్న ఆ పూట సంపాదన పోయినట్లే. కావున ఇది మన ఇండ్ల విషయమే అని వారికి జవాబు చెప్పితిమి.

మనవారికి ఈ బండితో పరిచయము నిన్న మొన్నటిది కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఆ దశాబ్దమునందే తిరుపతిలో మోపెడ్స్ ఇండియా వారు ఫ్రాన్సు దేశపు మోటోబెకాన్ సంస్థ సహకారముతో ‘సువేగ’ను తయారుచేయ మొదలిడిరి. సరిహద్దు మారినను తిరుపతి దారి మారలేదు గదా! పెడళ్ళు త్రొక్కుకొనుచు బయలుదేరి, ఇంజను అందుకొనగానే కాళ్ళు నిలుపు ఆ బండిని చూచిన పెద్దలు ఈ సభలోనే కొందరుందురు. తరువాత 1972లో పూనానుండి లూనా, 1980లో హోసూరునుండి టి.వి.యస్. 50 వచ్చినవి. ఇద్దరు కూర్చుండి పోదగిన మోపెడుగా ఈ రెండవది పల్లెలను ఆక్రమించినది. దాని సంతతియే ఎక్స్.ఎల్. బండ్లు. 2015లో ఎక్స్.ఎల్. 100 వచ్చునప్పటికి రెండు స్ట్రోకుల ఇంజను పోయి నాలుగు స్ట్రోకుల ఇంజను అమరినది. 2020 ఏప్రిల్‌లో భారత్ ఆరవ దశ పొగ నియమములు అమలులోనికి వచ్చుటతో కార్బొరేటరు స్థానమున పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజెక్షను ఏర్పాటు వచ్చినది.

ఈ చరిత్ర చెప్పుటకు ఒక కారణము కలదు. నేడు మన ఇండ్ల ముంగిట రెండు జాతుల బండ్లు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. పాత రెండు స్ట్రోకుల బండి క్రొత్తగా కొందమన్న దొరకదు. ఉన్నదానిని కాపాడుకొనవలెను. దాని మర్మమెరిగిన మెకానిక్కులు వృద్ధులగుచున్నారు. వారి దుకాణములలో నేర్చుకొను కుర్రవారును తగ్గిరి.

ఇక అసలు విషయము. బండి నిలిచినప్పుడు మనలో చాలమంది చేయు పని ఏమి? తోసికొనుచు దుకాణమునకు పోయి, ‘వండి ఓడలే’ అని తమిళమున రెండు మాటలు చెప్పి బెంచీమీద కూర్చుందురు. పాపము, ఆ మెకానిక్కు ఏమి చేయును? ఎక్కడ తప్పున్నదో తెలియక కార్బొరేటరు విప్పును, ప్లగ్గు మార్చును, మధ్యాహ్నమునకు ఇంజను తలను కూడ ఎత్తును. విప్పిన ప్రతి మర ఒకసారి అరుగును. ఎత్తిన ప్రతి గాస్కెట్టు ఒకసారి నలుగును. మంచి ఇంజనులు చెడుటకు అనవసరముగ విప్పుటయే పెద్ద కారణమని మా నమ్మకము. కనుక మేము కోరునది ఒక్కటే: బండి ఎట్లు నిలిచినదో ముందు గమనింపుడు. ఆ మాటను తమిళమున చెప్పినను తెలుగున చెప్పినను సరే, వివరముగ చెప్పుడు.

నిలుచుటలో భేదములున్నవి. పోవుచున్న బండి దీపమార్పినట్లు చటుక్కున ఆగెనా? అది సామాన్యముగ నిప్పురవ్వ లోపము. దగ్గుచు, ఊగుచు, కొంతదూరము పోయి నీరసించి ఆగెనా? అది పెట్రోలు అందమి. ఆగలేదు గాని బలము తగ్గి, తిరుత్తణి గట్టు ఎక్కలేక మూలిగినదా? అప్పుడు సైలెన్సరును గాని, లోపలి ఒత్తిడిని గాని అనుమానింపవలెను. చక్రమే బిగిసి జారినట్లయి ఆగినచో పిస్టను పట్టుకొనినదని తెలిసికొనవలెను. రెండు స్ట్రోకుల బండిలో పెట్రోలున ఆయిలు చాలకపోవుటవలన వచ్చు ఆపద అది. అట్టి సమయమున కిక్కు కొట్టరాదు. వేడి ఇంజనుమీద నీళ్ళు చల్లరాదు. నీడన నిలిపి దానంతట అదియే చల్లారనిండు.

కొన్ని కిలోమీటర్లు బాగుగ పోయి, ఆగి, పది నిముషములు నిలిచిన తరువాత మరల కదలు బండి కలదు. ఇది యజమానిని మిక్కిలి విసిగించు రోగము. దుకాణము చేరునప్పటికి బండి చక్కగ నడుచుచుండును గనుక మెకానిక్కు నమ్మడు! దీనికి కారణములు ముఖ్యముగ రెండు. బండి ఆగిన తక్షణమే పెట్రోలు ట్యాంకు మూత తెరచి చూడుడు. బుస్సుమని గాలి లోనికి పోయి, వెంటనే బండి కదలినచో మూతలోని సన్నని రంధ్రము దుమ్ముతో మూసికొనిపోయినదని అర్థము. పైనుండి గాలి పోనిదే క్రిందినుండి పెట్రోలు దిగదు. రంధ్రము శుభ్రపరచినచో పైసా ఖర్చులేదు. మూత తెరచినను కదలక, చల్లారిన పిమ్మటనే కదలినచో నిప్పురవ్వ పుట్టించు కాయిలు వేడికి నీరసించుచున్నదని అనుమానింపవచ్చును. ఈ ఒక్క పరీక్ష తెలియక ఎందరు కార్బొరేటర్లు మార్పించుకొనిరో లెక్కలేదు.

ఏ ఇంజనుకైనను కావలసినవి మూడు: పెట్రోలు కలిసిన గాలి, వేళకు నిప్పురవ్వ, లోపల తగినంత ఒత్తిడి. ఈ మూటిని గూర్చి సాక్ష్యము చెప్పునది ప్లగ్గు. వైద్యుడు నాలుక చూచినట్లు మనము ప్లగ్గు కొన చూడవలెను. చాలసేపు కిక్కు కొట్టిన తరువాతను ప్లగ్గు పొడిగ ఉన్నచో పెట్రోలు రాలేదు. తడిసి పెట్రోలు వాసన కొట్టినచో పెట్రోలు వచ్చినది, మండలేదు. కాఫీపొడి రంగున ఉన్నచో ఆరోగ్యము. నల్లగ, జిడ్డుగ ఉన్నచో ఆయిలు ఎక్కువైనది, లేదా గాలి ఫిల్టరు పూడినది. నాలుగు స్ట్రోకుల బండిలో ఐతే రింగులు అరిగియుండవచ్చును. తెల్లగ సున్నము పూసినట్లున్నచో గాలి ఎక్కువై ఇంజను మితిమీరి కాగుచున్నది. కార్బొరేటరుకు ఇంజనుకు నడుమ ఎక్కడనో గాలి దూరుచున్నదేమో చూడవలెను. రెండు స్ట్రోకుల బండ్లలో మరియొక చిత్రము: ప్లగ్గు రెండు కొనల నడుమ వెంట్రుకవంటి నల్లని మసి అడ్డుపడి రవ్వను మ్రింగివేయును. గుడ్డతో తుడిచినంతనే బండి కదలును.

రవ్వను చూచుటకు ప్లగ్గును దాని టోపీలో ఉంచి, ఇంజను లోహమునకు ఆనించి, కిక్కు కొట్టవలెను. నీలిరంగు రవ్వ టప్పున దూకినచో మంచిది; ఎర్రగ, సన్నగ వచ్చినచో బలము లేదు. ఈ పని చేయునప్పుడు ప్లగ్గు తీసిన రంధ్రమునకు దూరముగ ఉంచుడు. అందుండి పెట్రోలు ఆవిరి వచ్చుచుండును. రవ్వ తగిలినచో అంటుకొనును. బీడీ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు గాని, చెప్పుచున్నాము. పాత బండ్లలో మెకానిక్కులు ‘ప్లాటినము’ అని పిలుచు పాయింట్లు కాలిపోవుటవలనను రవ్వ చెడును. తరువాతి బండ్లలో దానికి బదులు ఎలక్ట్రానికు పెట్టె వచ్చినది. అది విప్పి బాగుచేయునది కాదు, మార్చునది.

పెట్రోలు దారి సులభము. కార్బొరేటరువద్ద గొట్టమును తీసి కొళాయి తిప్పుడు. ధార రాకున్న దోషము పైన ఉన్నది; వచ్చినచో క్రింద ఉన్నది. క్రింద ఉన్నచో సామాన్యముగ జెట్టు పూడియుండును. దానిని సూదితోగాని తీగతోగాని పొడువరాదు. వెంట్రుకవాసి పెద్దదైన రంధ్రము మరల చిన్నది కాదు; ఆనాటినుండి ఆ బండి పెట్రోలు త్రాగుచునే యుండును. గాలి ఊది శుభ్రపరుపుడు. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో ఇథనాలు 20 శాతము వరకు కలుపుట స్థిరపడినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. నీరు మితిమీరినచో రెండును కలిసి ట్యాంకు అడుగునకు దిగును. వానలో మూత సరిగ బిగింపని బండి, నెలల తరబడి మూలనుంచిన బండి కదలకున్న ముందు పాత పెట్రోలు పారబోసి చూడుడు. పాత బండి రబ్బరు గొట్టములు కూడ ఈ కలిపిన పెట్రోలుకు ఉబ్బి మెత్తబడును. ఏడాదికొకసారి వ్రేళ్ళతో నొక్కి పరీక్షించుట మేలు.

ఆయిలు పాలును గూర్చి తగవులు విందుము. ‘ఎక్కువ పోసినచో ఇంజనుకు బలము’ అని ఒకరు, ‘పొగ వచ్చుచున్నది, తగ్గించుము’ అని మరియొకరు. బండితో వచ్చిన పుస్తకమున ఏది యున్న అదే పాలు. లీటరుకు 20 మిల్లీలీటర్లని యున్నచో యాబదింట ఒక పాలు. అంతకు ఎక్కువయు వలదు, తక్కువయు వలదు. ఎక్కువైన ఆయిలు సైలెన్సరులో బొగ్గుగ పేరుకొని పొగదారిని మూయును. గట్టు ఎక్కలేని పాత బండ్లలో చాలవాటికి రోగము ఇదియే. సైలెన్సరు లోపలి గొట్టము తీసి బొగ్గు గీకినచో ప్రాణము వచ్చినట్లు పరుగెత్తును. దీనికి ఇంజను విప్పి క్రొత్త పిస్టను వేయించుకొన్న వారిని మేమెరుగుదుము.

ఎక్స్.ఎల్. 100 విషయమున దీనికి వ్యతిరేకము. తండ్రిగారి అలవాటున పెట్రోలులో టూటీ ఆయిలు కలుపువారు ఇప్పటికిని ఉన్నారు. వలదు. దాని ఆయిలు ఇంజను అడుగున వేరుగ ఉండును. పుల్లతో మట్టము చూచి, గడువునకు మార్చవలసినది అదే. ఇంజెక్షను బండిలో ఇంజను గుర్తు దీపము ఆరకుండ వెలుగుచున్నచో రోడ్డుప్రక్కన విప్పుటకు పూనుకొనక, పరీక్షాయంత్రమున్న చోటికి తీసికొనిపొండు.

ఐప్పసి, కార్తిక మాసముల వానలను మరువరాదు. పూండి జలాశయమునుండి నీరు విడిచినప్పుడు కుశస్థలిపై నేలవంతెనలు మునుగును. అప్పుడు దాటుటకు సాహసింపక చుట్టుదారి పట్టుడు. ఇంటిముందు నిలిపిన బండియే మునిగినచో నీరు తీసిన తరువాత ఆత్రముగ కిక్కు కొట్టరాదు. నీరు గాలివలె నొక్కుడుపడదు. పిస్టనుకు అడ్డుపడి లోపలి కడ్డీని వంచును. ప్లగ్గు తీసి, మెల్లగ త్రిప్పి నీరు వెడలించి, రంధ్రమున ఒక చెంచా ఆయిలు వేసి, పెట్రోలు మార్చిన పిమ్మటనే ప్రయత్నింపుడు. నాలుగు స్ట్రోకుల బండిలో ఆయిలు పాలకాఫీ రంగున మారియున్నచో అది మార్చనిదే కదపరాదు. ఉత్త జల్లునకు ఆగిన బండికి మాత్రము ప్లగ్గు టోపీని, దాని తీగను పొడిగుడ్డతో తుడిచిన చాలును.

చైను, టైర్లను గూర్చి మీకు తెలియనిది మేము చెప్పగలిగినది లేదు. బ్రేకును గూర్చి మాత్రము ఒకమాట. ముగ్గురు మనుష్యుల బరువున్న నూలుమూటను వెనుక కట్టుకొని, ఇంజను చప్పుడు కొంచెము మారినంతనే దుకాణమునకు పరుగెత్తుదుము. బ్రేకు తీగ నాలుగు పోగులు తెగి రెండు పోగులపై నడుచుచున్నను నెలలు గడుపుదుము. మూట కట్టుటకు ముందు బ్రేకు పిడి దగ్గర ఆ తీగను ఒకసారి చూచుకొనుడు. తెగిన పోగు కనబడిన యెడల ఆనాడే మార్పింపుడు.

బయట వేపచెట్టు క్రింద పాత బండి యొకటి, ఎక్స్.ఎల్. 100 యొకటి నిలిపియుంచితిమి. పాతదానిలో ఉదయము ఒక చిన్న లోపము కల్పించి పెట్టినాము. ప్లగ్గు స్పానరు, పొడిగుడ్డ అక్కడనే ఉన్నవి. అమ్మలు, అక్కలు కూడ రండు. పాలక్యాను మోయుచున్న బండ్లలో సగము మీచేతనే నడుచుచున్నవి గదా. మొదట ప్లగ్గు చూచి, అది పొడిగ ఉన్నదో తడిగ ఉన్నదో చెప్పిన తరువాతనే తక్కినది విప్పవలెను.