రాజు బతికుండగానే ఆటకట్టు

అనంతపురం పల్లెల్లో పాత గుడి అరుగు మీదో, రచ్చకట్ట బండ మీదో దుమ్ము తుడిచి చూస్తే కొన్నిచోట్ల ఉలితో గీసిన గీతలు కనబడతాయి. ఒక త్రిభుజం, దాని మీదుగా అడ్డగీతలు, గీతలు కలిసేచోట రాయి నిలిచేంత గుంట. పులిజూదం ఆడుకునే బండ అది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను తినేస్తుంది. మేక పులిని తినలేదు. కానీ మేకలన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడి దూకే చోటు లేకుండా చేస్తే పులి ఉన్నచోటే ఉండిపోతుంది. దాన్నే పులిని కట్టేయడం అంటారు. వాన మొహం చాటేసిన ఏడు, చేలో పని లేని మధ్యాహ్నాలు ఎన్నో ఇలాంటి బండల చుట్టూ గడిచాయి.

ఈ ఆటలో నాయకుడు లేడు. ఏ మేక పోయినా ఆట సాగుతుంది. చదరంగం సంగతి వేరు. అక్కడ ఏనుగులు పోవచ్చు, గుర్రాలు పోవచ్చు, మంత్రి కూడా పోవచ్చు. రాజు చిక్కితే మాత్రం అంతా అయిపోయినట్టే. ‘ఆట కట్టించాడు’ అన్న మాట మన నోట అక్కణ్ణుంచే వచ్చింది.

యుద్ధాన్ని ఆటగా మలచాలనుకున్న వాళ్ళందరికీ రెండు ప్రశ్నలు ఎదురయ్యాయి. సేనాని కూలితే సైన్యం ఏమవుతుంది? నిన్నటి ఏనుగు, నేటి ట్యాంకు నిజంగా ఎంత బలమైనవి? ఈ రెండింటికీ జవాబు వెతకాలంటే తళ్ళికోట కథతో మొదలుపెట్టడం మేలు.

1565 జనవరిలో కృష్ణా నది దగ్గర, రక్కసిగి, తంగడిగి అనే ఊళ్ళ దగ్గర విజయనగర సైన్యం నలుగురు సుల్తానుల సేనలతో తలపడింది. బీజాపురం, అహ్మద్‌నగరం, గోల్కొండ, బీదరు ఒక్కటై వచ్చాయి. తళ్ళికోట యుద్ధమని బడి పుస్తకాల్లో చదువుకున్నది ఇదే. విజయనగరం తరఫున నడుమ అళియ రామరాయలు, చెరోపక్క ఆయన తమ్ముళ్ళు తిరుమలరాయలు, వెంకటాద్రి నిలబడ్డారు. రామరాయలు అప్పటికి ఎనభై దాటిన వృద్ధుడని చెబుతారు. గుర్రమెక్కమని తనవాళ్ళు బతిమాలినా వినకుండా పల్లకీలోనే ఉండిపోయాడని ఫెరిష్తా రాశాడు. ఫెరిష్తా ఆ తరవాత కొన్ని దశాబ్దాలకు బీజాపురం కొలువులో చరిత్ర రాసినవాడు. గెలిచినవాళ్ళ పక్షం మనిషి కాబట్టి ప్రతి మాటా తూచి చదవాలి. అయినా ఆయన చెప్పిన ఒక్క దృశ్యాన్ని మరిచిపోవడం కష్టం.

అహ్మద్‌నగరం ఫిరంగుల్లో రాగి నాణేల సంచులు కూరి, దగ్గరి నుంచి పేల్చారట. ముందు వరస చెదిరింది. అంతలో అహ్మద్‌నగరం సుల్తాను హుసేన్ నిజాంషా ఏనుగు ఒకటి పల్లకీ వైపు దూసుకొచ్చింది. బోయీలు పల్లకీని కింద పడేసి పరుగు తీశారు. ముసలాయన పట్టుబడ్డాడు. నిజాంషా ఆయన తల నరికించి, బల్లేనికి గుచ్చి ఎత్తి చూపించాడు. ఆ తల కనబడ్డాక విజయనగర సైన్యం నిలవలేదు.

ఇక్కడే చదరంగం తప్పుతుంది. ఆ ఆట నియమం ప్రకారం ఆ రోజు విజయనగరం ఓడినట్టు కాదు. రామరాయలు రాజు కాడు. సింహాసనం మీద ఉన్నది సదాశివరాయలు. ఆయనకు చిన్న గాయం కూడా కాలేదు. కూలింది మంత్రిలాంటివాడు. మరి ఆట ఎందుకు కట్టింది? రెండు దశాబ్దాలకు పైగా రాజ్యంలోని ప్రతి తాడూ రామరాయల చేతిలోనే ఉంది. పెద్ద పదవుల్లో ఆయన బంధువులే కూర్చున్నారు. సుల్తానులను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పిన ఎత్తులన్నీ ఆయనవే. కిరీటం ఒకరిది, అధికారం మరొకరిది. అధికారం ఉన్నవాడు పోగానే, నేనున్నానని ఆ క్షణంలో నిలబడేవాడు కరువయ్యాడు. విజయనగరం కొలువులోని ఇద్దరు ముస్లిం సేనానులు చివరి ఘడియల్లో పక్క మార్చారని, రెండేళ్ళ తరవాత అటుగా వచ్చిన వెనిస్ వ్యాపారి సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. అది ఎంతవరకు నిజమన్న దానిపై చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఏది నిజమైనా, సైన్యాన్ని విరిచింది చావొక్కటే కాదు. చావు కబురు అందరికీ ఒక్కసారే, కళ్ళెదుటే చేరింది.

దీనికి నలభై అయిదేళ్ళ ముందు, 1520లో, రాయచూరు దగ్గర ఇదే సైన్యం మొదట ఇలాగే చెదిరింది. బీజాపురం ఫిరంగుల ముందు తొలి వరస వెనక్కి తగ్గింది. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసినదాన్ని బట్టి, కృష్ణదేవరాయలు తన ఉంగరం తీసి ఒక సేవకుడి చేతికిచ్చాడు. తాను పోతే రాణులకు చూపడానికి అది గుర్తు. తరవాత గుర్రమెక్కి, మిగిలిన దండును వెంటబెట్టుకుని ముందుకు కదిలాడు. బీజాపురం సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా కృష్ణ దాటి పారిపోయాడు. ఒక యుద్ధంలో నాయకుడు కనబడి సైన్యాన్ని నిలిపాడు, మరోదానిలో నాయకుడి తల కనబడి సైన్యం పారిపోయింది. సిపాయి కంటికి ఏం కనబడిందన్నది ఎంత పెద్ద బలమో ఈ రెండు పోరాటాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

తళ్ళికోట తరవాతి ఘట్టం మన నేల మీదిది. తిరుమలరాయలు రాజధానికి వచ్చి, సదాశివరాయలను, ఖజానాను వెంటబెట్టుకుని పెనుకొండకు బయలుదేరాడు. విజయనగర చరిత్రను తవ్వితీసిన రాబర్ట్ సూయల్ చెప్పిన లెక్కలో ఆ సంపద మోసినవి 550 ఏనుగులు. హంపి నుంచి పెనుకొండకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పెద్ద ఏనుగు రోజుకు నూరు, నూటయాభై లీటర్ల నీళ్ళు తాగుతుంది. నూటయాభై కిలోల దాకా మేత కావాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే వాన పడే ఈ మెట్టనేల మీద, ఎండాకాలం మొదలయ్యే ముందు, అన్ని ఏనుగులను నడిపించాలంటే దారిలో ప్రతి మజిలీకీ చెరువు ఉండాలి. బుక్కరాయసముద్రం లాంటి చెరువులు తవ్వించిన పాలకులు సాగుకే తవ్వించారు, నిజమే. కానీ చెరువు లేని చోట ఏనుగుల దండు కదలదన్న సంగతి వాళ్ళకు తెలిసే ఉంటుంది.

చదరంగంలో ఏనుగుకు దాహం వేయదు. బెదిరి సొంత బంట్లను తొక్కదు. గీత పొడుగునా ఎంత దూరమైనా పోతుంది. ఆటకు ఆ సుఖం కావాలి కాబట్టి తప్పు పట్టక్కర్లేదు. అయితే నిజమైన సేనానులకు ఆ ఆటతో తృప్తి కలగలేదు.

1824లో ప్రష్యా సైన్యాధికారి జార్జ్ ఫాన్ రైస్విట్స్ ‘క్రీగ్స్‌ష్పీల్’ అనే ఆటను తన సైన్యం ముందు పెట్టాడు. తండ్రి మొదలుపెట్టిన పనికి అతను మెరుగులు దిద్దాడు. గడులు తీసేసి నిజమైన పటం పరిచాడు. పాచికలు తెచ్చాడు, ఎందుకంటే యుద్ధంలో అదృష్టం ఉంటుంది. వీటన్నిటికన్నా గొప్ప ఆలోచన మధ్యవర్తి. ఆటగాళ్ళు దండును చేత్తో జరపకూడదు. కాగితం మీద ఆజ్ఞ రాసి మధ్యవర్తికివ్వాలి. అది ఎప్పుడు చేరుతుందో, అసలు చేరుతుందో లేదో అతను తేలుస్తాడు. శత్రువు కనబడేదీ కనబడనిదీ కూడా అతనే చెబుతాడు. ఆ ఆట బల్ల మీద రామరాయల పక్షం ఆడి ఉంటే, ఎడమ పక్క దండుకు కుడి పక్క సంగతి తెలియక కొట్టుకుపోవడాన్ని అచ్చంగా చూసి ఉండేవాళ్ళు. సేనాని చావు కన్నా ముందు జరిగేది సేనాని మాట ఆగిపోవడం. దాన్ని ఆటలోకి తెచ్చినవాళ్ళలో రైస్విట్స్‌ది మొదటి వరస.

ఇక ట్యాంకు. అనంతపురంలో ట్యాంకు అంటే నీళ్ళ ట్యాంకే, నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే వీధి వీధంతా బిందెలు పట్టుకుని బయటికొస్తుంది. ఇంగ్లీషు మాటకు మూలం మన దేశభాషల్లోని నీటి తొట్టి పేరేనని, గుజరాతీ, మరాఠీల నుంచి వెళ్ళిందని నిఘంటువులు చెబుతాయి. యుద్ధయంత్రానికి ఆ పేరు రావడమూ నీళ్ళ వల్లే. 1915లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో ఆ యంత్రాన్ని రహస్యంగా చేస్తూ, నీళ్ళు మోసే తొట్లు చేస్తున్నామని పనివాళ్ళకు చెప్పారు. ఆ మారుపేరే అసలు పేరైంది. 1916 సెప్టెంబరు 15న సొమ్ నది దగ్గర అది మొదటిసారి యుద్ధంలోకి దిగినప్పుడు, కేటాయించిన 49 ట్యాంకుల్లో చాలా భాగం చెడిపోయో, బురదలో దిగబడో మొదట్లోనే ఆగిపోయాయి.

తెలుగు నేల మీదికి దండుగా ట్యాంకులు రావడం 1948 సెప్టెంబరులో జరిగింది. హైదరాబాదు సంస్థానం మీద పోలీసు చర్యలో జె.ఎన్. చౌధురి సాయుధ దళం షోలాపూరు వైపు నుంచి కదిలింది. అయిదు రోజుల్లో నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. పదిహేడేళ్ళ తరవాత అదే చౌధురి భారత సైన్యాధిపతిగా ఉన్నప్పుడు ట్యాంకులకు అసలు పరీక్ష వచ్చింది.

1965 సెప్టెంబరులో పంజాబు సరిహద్దున ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ అనే ఊరి వద్ద పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు ముందుకొచ్చాయి. అప్పట్లో లోకం మెచ్చిన ట్యాంకు అది. భారత దళాలు కాలువ కట్ట తెంచి పొలాల్లోకి నీళ్ళు వదిలాయి. చెరకు తోటల మధ్య నేల బురదైంది. ప్యాటన్లు దిగబడ్డాయి. చెరకు చాటున మూడు వైపులా పొంచి ఉన్న ట్యాంకులూ ఫిరంగులూ వాటిని కాల్చేశాయి. గ్రెనేడియర్ల దళంలోని హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన తుపాకీతో ఒకదాని తరవాత ఒకటిగా ట్యాంకులను కొట్టి, సెప్టెంబరు 10న ప్రాణం విడిచాడు. పాకిస్తాన్ కోల్పోయిన ట్యాంకులు 97 అని లెక్క. పట్టుబడ్డ ప్యాటన్లను వరసగా నిలిపిన చోటికి జనం ప్యాటన్ నగర్ అని పేరు పెట్టుకున్నారు. పులిజూదం తెలిసినవాళ్ళకు ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. పులి బలం తగ్గలేదు, దూకడానికి చోటు లేకుండా పోయింది.

అమెరికాలో 1970లో వచ్చిన ‘పాంజర్‌బ్లిట్జ్’ బల్ల మీది ట్యాంకు ఆటల్లో తొలితరంది. దానిలో ఒక లోపం ప్రసిద్ధం. ట్యాంకులు ఒక అడవి గడిలోంచి ఇంకో అడవి గడిలోకి బాహాటంగా పరుగెత్తినా ఎదుటివాడు కాల్చడానికి వీల్లేదు. 1991 నాటి కంప్యూటర్ ఆట ‘సివిలైజేషన్’లో దీనికి తలకిందుల వింత. ప్రాచీన కాలపు ఈటె దళం ఆధునిక ట్యాంకును ఓడించగలదు. రెండు వైపులా బలాన్ని అంకెల్లో తూచి, పాచిక వేసినట్టు తేల్చడం వల్ల వచ్చిన వింత ఇది. ఈటె ట్యాంకును పొడవలేదు. కానీ కాలువ గట్టు తెగితే, చమురు బండి రాకపోతే, పక్కన కాల్బలం లేకపోతే ట్యాంకు ఆగిపోతుంది. ఆ దారి చూపని ఆట ఎంత అందమైన బొమ్మలు పెట్టినా అసల్ ఉత్తర్‌ను చూపలేదు.

నాయకుల విషయంలో మంచి ప్రయత్నాలే జరిగాయి. 1977లో జాన్ హిల్ రూపొందించిన ‘స్క్వాడ్ లీడర్’లో నాయకుడికి విడిగా ఒక అట్టబిళ్ళ ఉంటుంది. బెదిరిన దళాన్ని అతను మళ్ళీ నిలబెడతాడు. అతను పడిపోతే దగ్గరున్నవాళ్ళ గుండెధైర్యానికి పరీక్ష పెడతారు. దూరంగా ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. ఇది నిజానికి దగ్గర. 2000లో మొదలైన ‘టోటల్ వార్’ ఆటల్లో సేనాని చనిపోతే సైన్యం ధైర్యం ఒక్కసారిగా పడిపోతుంది. తళ్ళికోటకు అది సరిపోతుంది. ప్రతి యుద్ధానికీ సరిపోదు.

1965లోనే, సెప్టెంబరు 11న ఫిల్లోరా దగ్గర పూనా హార్స్ దళపతి అర్దేషీర్ తారాపోర్ గాయపడ్డాడు. వెనక్కి వెళ్ళనన్నాడు. తన ట్యాంకులోనే ఉండి పోరాడుతూ 16న చనిపోయాడు. ఆయన దళం చెదరలేదు. అరవై దాకా శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి తొమ్మిదింటిని మాత్రమే పోగొట్టుకుందని పరమవీర చక్ర ప్రశంసాపత్రం చెబుతుంది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగినప్పుడు కూడా ఆయన బిహార్ రెజిమెంటు సిపాయిలు చీకట్లో పోరు ఆపలేదు. ఇలాంటి దళంలో నాయకుడి తరవాత ఎవరో ప్రతి సిపాయికీ ముందే తెలుసు. రామరాయల సేనలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆటలో ఈ తేడా కనబడాలంటే నాయకుడి మరణానికి ఒకే శిక్ష వేయకూడదు. ఏ సైన్యం, ఎలా కట్టిన సైన్యం అన్నదాన్ని బట్టి వేయాలి.

తళ్ళికోటతో విజయనగరం ఆగిపోలేదు కూడా. కొన్నేళ్ళకు పెనుకొండలో తిరుమలరాయలు తానే కిరీటం పెట్టుకుని అరవీటి వంశాన్ని నిలిపాడు. బీజాపురం సేనలు పెనుకొండ మీదికి వచ్చినా కోట చాలాకాలం తట్టుకుంది. ఒక్క మధ్యాహ్నంలో ఆట కట్టిన రాజ్యం పెనుకొండ నుంచి, తరవాత చంద్రగిరి నుంచి, ఆ పైన వేలూరు నుంచి మరో ఎనభై ఏళ్ళు నడిచింది.

అనంతపురం జిల్లాలోని గుత్తికోటది ఇంకో కథ. 1751లో ఆర్కాటు దగ్గర క్లైవుకు అండగా నిలిచిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఆ కోటను ఏలాడు. 1775లో హైదరలీ దాన్ని ముట్టడించాడు. కోట గోడలు గట్టివి, కొండ నిటారుగా ఉంటుంది, సర్దారు యుద్ధాల్లో పండినవాడు, ప్రాణాలతో ఉన్నాడు. నెలలు గడిచాయి. కొండ మీద దొనల్లో నీళ్ళు అడుగంటాయి. 1776లో మురారిరావు కోట అప్పగించి, కబ్బాళదుర్గంలో బందీగా కన్నుమూశాడు. ఇప్పుడు గుత్తి కొండ ఎక్కేవాళ్ళు నీళ్ళ సీసా వెంట తీసుకెళతారు. పైన ఆ రాతి దొనలు వేసవి నాటికి అడుగు కనబడేలా ఎండిపోయి ఉంటాయి.