రెండవవానికి పిలుపు: జర్మనీ సూపర్‌కప్పు



ఏరువాక పున్నమినాడు మన రైతు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, నాగటికి పూజచేసి, నాలుగు సాళ్లు దున్ని యింటికి మరలును. ఆనాటి దున్నకముచేతనే పంట పండదు గాని, ఆ నాలుగు సాళ్లు పడనిదే యేటి సేద్యము మొదలైనట్లు ఎవరికిని తోచదు. జర్మనీ దేశపు ఫుట్‌బాల్ ఆటలో సూపర్‌కప్పు అట్టిది. వేసవి విరామము ముగిసి బుండెస్‌లీగా అను ప్రథమశ్రేణి పోటీలు ఆరంభమగు తరుణమున, గడచిన యేట ఆ లీగును గెలిచిన జట్టును, ఓడినవారు తప్పుకొను పద్ధతిని సాగు జర్మన్ కప్పును గెలిచిన జట్టును ఒక్కనాడు తలపడును. గెలిచినవారికి ఒక కప్పు లభించును; ఓడినవారికి లీగు పట్టికలో ఒక్క పాయింటైనను తగ్గదు. ఇంత తేలికయైన పోటీ, మ్యూనిక్ నగరపు బయర్న్ క్లబ్బునకును డోర్ట్‌ముండ్ నగరపు బొరూసియా క్లబ్బునకును పడినపుడు మాత్రము, వేడుక హద్దు దాటి పాతలెక్కలు తీర్చుకొను తావగును.

ఈ పోటీ మొదట 1987 జూలైలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున జరిగినది. బయర్న్ 2-1 గోల్సుతో హాంబుర్గ్ జట్టును గెలిచెను. ఆ రెండు గోల్సును చేసిన యూర్గెన్ వెగ్మన్‌ను హాంబుర్గ్ గోల్‌కీపరు ఊలీ స్టైన్ మైదానముననే పిడికిట గ్రుద్ది, ఎఱ్ఱకార్డు పొంది, పిమ్మట తన క్లబ్బులో కొలువును సైతము పోగొట్టుకొనెను. 1996 తరువాత ఈ కప్పు ఆగిపోయి, దాని స్థానమున లీగు కప్పు అను మఱియొక పోటీ 2007 వఱకు సాగెను; 2010లో సూపర్‌కప్పు మరల వచ్చినది. 2025లో, అంతకుముందటి యేట స్వర్గస్థుడైన మహాక్రీడాకారుడు ఫ్రాంజ్ బెకెన్‌బవర్ పేరు దీనికి పెట్టిరి.

ఈ కప్పు నియమములలో మిక్కిలి రసవంతమైనది ఒకటి గలదు. ఒకే జట్టు లీగును, జర్మన్ కప్పును రెండింటిని గెలిచిన యెడల, దానికి ఎదురు నిలుచుటకు లీగులో రెండవ స్థానమున నిలిచిన జట్టును పిలుతురు. అనగా, మొదటివాడు సమస్తమును కైవసము చేసికొనిననే గాని రెండవవానికి ఆ స్థానము పేరిట పిలుపు రాదు. ఆటలలో రెండవ స్థానమునకు సాధారణముగా దక్కునది ఓదార్పు మాత్రమే. ఇచ్చట దానికి ఒక సాయంకాలము, ఒక మైదానము, న్యాయము కోరుటకు ఒక అవకాశము దక్కుచున్నవి.

ఈ రెండు క్లబ్బులును ఇరుగుపొరుగులు కావు. డోర్ట్‌ముండ్‌కు తరతరముల పగవాడు ప్రక్కనున్న షాల్కే. బయర్న్‌కు సొంత నగరముననే 1860 మ్యూనిక్ అను దాయాది కలదు. బయర్న్ క్లబ్బు 1900లో మ్యూనిక్‌లోని గిజెలా అను కాఫీశాలలో పుట్టినది. దానికి 1932లో తొలి జాతీయ విజయము దక్కినపుడు అధ్యక్షుడైన కుర్ట్ లాండవర్, యూదుడగుటచే నాజీలచేత దాఖావ్ నిర్బంధశిబిరమునకు పంపబడి, విడుదలైన పిదప స్విట్జర్లాండునకు వలసపోయి, యుద్ధానంతరము తిరిగివచ్చి మరల అధ్యక్షపదవి నలంకరించెను. బొరూసియా 1909లో ఉక్కు కర్మాగారముల నీడలో, ఫుట్‌బాల్ ఆడుట తగదన్న చర్చి గురువును ధిక్కరించిన యువకులచేత ఒక పానశాలలో స్థాపింపబడినది. ఆ నగరపు స్టేడియములో ఇరువదినాలుగు వేలకు పైగా జనము నిలుచుండి చూచు దక్షిణపు గట్టు గలదు. పసుపుచొక్కాలతో నిండి యుండుటచే దానిని పసుపుగోడ యందురు.

వీరి వైరము నేలగట్టు తగాదా కాదు, భాగ్యచక్రము త్రిప్పిన త్రిప్పులచేత పెరిగినది. బొరూసియా 1997లో యూరపు ఛాంపియన్స్ లీగును గెలిచినది మ్యూనిక్ మైదానముననే. అప్పటి శిక్షకుడు ఒట్‌మార్ హిట్స్‌ఫెల్డ్ పిదప బయర్న్‌కు పోయి, 2001లో అదే కప్పును వారికి సాధించిపెట్టెను. తరువాత బొరూసియా అప్పులలో మునిగి జీతములకు వెదకుకొను దశకు వచ్చినపుడు, ఇరువది లక్షల యూరోలు చేబదులిచ్చినది బయర్నే. 2011లోను 2012లోను బొరూసియా లీగును గెలిచి ఆ పెద్దక్లబ్బును కలవరపఱచెను. బయర్న్ ఊరకుండలేదు: బొరూసియా ఆటగాండ్రలో 2013లో గోట్సేను, మఱుసటి యేట లెవాండోవ్‌స్కీని, 2016లో హుమెల్స్‌ను తనవైపు చేర్చుకొనెను. 2013 మే నెలలో లండన్‌లోని వెంబ్లీ మైదానమున యూరపు తుదిపోరు ఈ రెండింటి నడుమనే జరుగగా, చివరి నిమిషములలో రాబెన్ చేసిన గోలుతో బయర్న్ 2-1గా గెలిచెను.

1989లో కైజర్స్‌లౌటెర్న్‌లో బొరూసియా 4-3తో బయర్న్‌ను ఓడించినది వీరి తొలి సూపర్‌కప్పు సమాగమము. 2012 మొదలు 2021 వఱకు పది సంవత్సరములలో ఎనిమిది పర్యాయములు ఈ జట్లే ఎదురుపడినవి. బయర్న్ అయిదు గెలిచెను, బొరూసియా మూడు. కాని ఈ లెక్కను మఱియొక తీరున వేసిచూడుడు. ఆ ఎనిమిదింటిలో ఆఱు పర్యాయములు ఒకరు రెండు విజయములను పొందియుండగా, మఱియొకరు రెండవ స్థానపు పిలుపుతో వచ్చిరి. ఆ ఆఱింటిలో నాలుగు రెండవవారే గెలిచిరి! 2012లో అట్లు పిలువబడినది బయర్నే. అది 2-1గా గెలిచెను. 2013లో, వెంబ్లీ గాయము మానకముందే, బొరూసియా తన యింట 4-2గా గెలిచెను. 2014లో 2-0, 2019లో మరల 2-0. ఈ నాలుగింటిని పిలువబడినవారి మైదానముననే ఆడుటయు, 2014లో బయర్న్ ఆటగాండ్రు అనేకులు ప్రపంచకప్పు గెలిచి ఆలస్యముగ సాధనకు వచ్చుటయు ఇందుకు కారణములలోనివి. అయినను, ఎదుటివాడు సమస్తమును గెలిచియుండగా మిగిలినవాని కాలికి వచ్చు బలమును లెక్కింపకుండుట అన్యాయము. 2020లో మాత్రము ప్రేక్షకులు లేని మ్యూనిక్ స్టేడియములో, 2-2గా సమానమైన పిదప, పడిపోవుచునే కిమ్మిఖ్ నెట్టిన బంతి బయర్న్‌కు కప్పును తెచ్చెను.

సూపర్‌కప్పు విజయము భవిష్యత్తును చెప్పునా? చెప్పదు. 2014లో సూపర్‌కప్పును గెలిచిన బొరూసియా, ఆ చలికాలమున లీగు పట్టికలో అట్టడుగునకు జారి, కడపట ఏడవ స్థానముతో తృప్తినొందెను. 2013లోను 2019లోను కూడ వారు గెలిచిన పిదప లీగు బయర్న్‌దే అయ్యెను.

ఇక 2023 సంగతి వినుడు. ఆ యేటి లీగు చివరిదినమున బొరూసియా సొంత మైదానముననే మైంట్స్ జట్టుతో 2-2గా ఆగిపోగా, ఇరుజట్లకును 71 పాయింట్లు సమానముగ నుండియు, గోల్సు తేడాచేత లీగు బయర్న్‌కు దక్కెను. పాయింట్ల లెక్కన రెండవ స్థానమునకు ఇంతకంటె చేరువగా మొదటి స్థానము ఉండజాలదు. కాని జర్మన్ కప్పును ఆ యేట లైప్‌ట్సిగ్ గెలిచియుండుటచే సూపర్‌కప్పు పిలుపు లైప్‌ట్సిగ్‌కు పోయినది. ఎక్కువ అంతరముతో ఓడిన యేండ్లలో పిలువబడిన బొరూసియా, పాయింట్ల అంతరమే లేని యేట పిలువబడలేదు. రెండవవానికి న్యాయము చేయుటకు నియమము కలదుగాని, ఆ న్యాయపు తాళపుచెవి మొదటివాని చేతిలోనే యున్నది. గెలుపోటముల పట్టికను మాత్రమే చూచువారికి ఈ చిన్నకప్పు అప్రధానముగ తోచును; ఎవరికి పిలుపు వచ్చెను, ఏల వచ్చెను అని విచారించువారికి మాత్రము ఆ యేటి జర్మనీ ఫుట్‌బాల్ కథ యంతయు ఆ యొక్క సాయంకాలముననే బోధపడును.