అంతర్వేది దాకా తల్లీకూతుళ్లం

మా పాప పదో తరగతి పాసైంది. కాలేజీ 8 కిలోమీటర్లు, ఆడపిల్ల రోజూ సైకిల్ మీద ఎలా వెళ్తుందని ఇంట్లో చదువు మాన్పించబోయారు. మేము వాదించలేదు. సంఘం అప్పుతో మాకూ ఓ పాత సైకిల్ కొనుక్కుని, తల్లీకూతుళ్లం రావులపాలెం నుంచి అంతర్వేది బయలుదేరాం. గన్నవరం అక్విడక్టు దగ్గర ఎదురుగాలికి దిగి నడిచాం. రాజోలులో పంక్చరైతే పాపే ట్యూబు విప్పి అతుకు వేసింది. రాత్రి అక్కడే చుట్టాలింట్లో పడుకున్నాం. మర్నాడు గోదారి సముద్రంలో కలిసే చోట నిలబడ్డాం. తిరిగొచ్చాక ఇంట్లో ఎవరూ దూరం మాట ఎత్తలేదు. పాప ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పిల్లల చదువుకి అప్పు రాయించేటప్పుడు ఒక సైకిల్ కూడా రాయించండి, అక్కలూ.