పదిసార్లు ఎత్తి దించిన సామాను

(ఫిలింనగర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. సినిమా కంపెనీల్లో కాస్ట్యూమ్స్ పెట్టెలు మోసి, మోయించి బ్రతికినవాణ్ణి. కార్యదర్శిగారు మొన్న ఇంటికొచ్చి, "మన పిల్లలు చదువులకని, ఉద్యోగాలకని పరదేశాలకు పోతున్నారు. దూరప్రయాణాల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను చేసిన పరదేశ ప్రయాణం ఒక్కటే. అది విమానంలో కాదు, రైల్లో. దాన్ని గురించే మనవి చేసుకుంటాను.

ఈ జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతమంతా రాళ్ళూ గుట్టలుగా ఉన్న రోజులు మీలో పెద్దవాళ్ళకు జ్ఞాపకమే. 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది, 1989లో ఇక్కడ రామానాయుడు స్టూడియో వచ్చింది. అప్పట్లో పని సగం ఇక్కడ, సగం మద్రాసులో. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో పెట్టెలు వేసుకుని పోయేవాళ్ళం, వచ్చేవాళ్ళం. ప్రతి పెట్టె మూత లోపల జాబితా అంటించాలి, పైన నంబరు వేయాలి. ఒక్క తలపాగా తప్పిపోతే షూటింగు ఆగిపోతుంది. అందుచేత సామాను సంగతి నాకంటే తెలిసినవాడు లేడని నాకొక గర్వం ఉండేది. ఆ గర్వం ఢిల్లీ స్టేషన్లో దిగిపోయింది.

అన్నపూర్ణ స్టూడియో వచ్చిన ఆ 1976లోనే, జూలై 22న, అమృత్‌సర్ – లాహోర్‌ల మధ్య సంఝౌతా ఎక్స్‌ప్రెస్ మొదలైంది. 1972 సిమ్లా ఒప్పందం తర్వాత వచ్చిన రైలు అది. సరిహద్దుకు అటూ ఇటూ చీలిపోయిన కుటుంబాలకు, విమానం టిక్కెట్టు కొనలేని మనబోటివాళ్ళకు, అదే ఆధారం. మా ఖాలా పెళ్ళి చేసుకుని కరాచీ వెళ్ళిపోయింది. 1979లో ఒకసారి హైదరాబాదు వచ్చి వెళ్ళింది. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళు ఇద్దరికీ ఉత్తరాలే. పోదామనుకున్నప్పుడల్లా ఏదో ఒక అడ్డం. చివరికి సిద్ధపడేసరికి, పార్లమెంటుపై దాడి తర్వాత 2002 జనవరి నుంచి రైలే ఆగిపోయింది. 2004 జనవరిలో మళ్ళీ నడిచింది. అమ్మీకి అప్పటికి డెబ్బై దాటాయి. "ఇంక ఆలస్యం చేయకు బేటా" అన్నది. వీసాలు చేతికొచ్చి బయలుదేరేసరికి డిసెంబరు అయింది.

సామాను ఎంతనుకున్నారు? తొమ్మిది శాల్తీలు! ఖాలాకు గద్వాల చీర, ఆమె కోడళ్ళకు గాజులు, మనవలకు బట్టలు, చింతపండు, గోంగూర పచ్చడి, మామిడికాయ పచ్చడి జాడీ, రెండు పరుపుచుట్టలు, ఒక ఇనప ట్రంకు. "ఇరవై అయిదేళ్ళ తర్వాత వట్టి చేతుల్తో పోతామా?" అని అమ్మీ. నేనూ కాదనలేదు. జాబితాలు రాశాను, నంబర్లు వేశాను.

ఇప్పుడు లెక్క వినండి. నాంపల్లిలో ఎక్కించాలి. పదహారు వందల కిలోమీటర్లకు పైగా పోయి న్యూఢిల్లీలో దించాలి. సరిహద్దుకు పోయే రైలు అక్కణ్ణుంచి కాదు, పాత ఢిల్లీ స్టేషన్నుంచి. అక్కడ ఎక్కించాలి. అటారీలో మొత్తం దించి, తనిఖీలయ్యాక ఇంకో రైల్లో ఎక్కించాలి. మూడు కిలోమీటర్లు పోతే వాఘా, అక్కడ మళ్ళీ దించాలి, మళ్ళీ ఎక్కించాలి. లాహోర్‌లో దించి, కరాచీ రైలెక్కించి, పన్నెండు వందల కిలోమీటర్ల తర్వాత కరాచీలో దించాలి. అంటే పదిసార్లు ఎత్తడం దించడం. తొమ్మిది శాల్తీలకు తొంభై! ఈ లెక్క ఇంట్లో కూర్చుని వేయవలసింది. నేను వాఘాలో వేశాను.

పొగమంచువల్ల మా రైలు న్యూఢిల్లీకి ఎనిమిది గంటలు ఆలస్యంగా చేరింది. సరిహద్దు రైలు వారానికి రెండుసార్లే. తప్పిపోతే చలిలో ముసలితల్లితో మూడు నాలుగు రోజులు పడిగాపులు. రెండు ఆటోల్లో సామాను వేసుకుని పాత ఢిల్లీ స్టేషనుకు పరుగెత్తాం. ఇద్దరు కూలీలను మాట్లాడాను. అమ్మీ అలసిపోయి, చేతిలో ఉన్న చిన్న సంచీని ఒక కూలీ నెత్తిమీది ట్రంకుపైన పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను, పట్టించుకోలేదు. పాస్‌పోర్టులు, టిక్కెట్లు, డబ్బు అన్నీ ఆ సంచీలోనే!

వంతెన దిగేసరికి ఆ కూలీ కనబడలేదు. అతని బిల్లా నంబరు నేను చూసుకోలేదు. ఎర్రచొక్కా అని వెతుకుదామంటే అందరివీ ఎర్రచొక్కాలే. ఇరవై నిమిషాలు ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తాను. అమ్మీ ఒక పరుపుచుట్టమీద కూర్చుని, "సామాను పోతే పోనీ బేటా, మా చెల్లెల్ని చూసే దారి పోనీయకు" అన్నది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

రెండో కూలీయే వెతికి పట్టుకొచ్చాడు. మొదటి మనిషి ప్లాట్‌ఫారం అవతలి చివర మా ట్రంకుమీద కూర్చుని ఉన్నాడట, సంచీ ఒళ్ళో పెట్టుకుని. "ఏ డబ్బానో మీరు చెప్పలేదు. మీరు వచ్చేదాకా కదలొద్దని కూర్చున్నా" అన్నాడు. తప్పు నాది. సినిమా పెట్టెలకు కంపెనీ మనుషులుంటారు, మేనేజరుంటాడు. ఇక్కడ నేనొక్కణ్ణే అన్న సంగతి నేనే మరిచాను.

తెల్లవారి అటారీలో దింపుతుంటే పచ్చడి జాడీ పగిలింది. నూనె పరుపుచుట్టలోకి, అక్కణ్ణుంచి మనవల బట్టల్లోకి. అమ్మీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పగిలిన ముక్కలు అక్కడే పారేసి వరుసలో నిలబడ్డాం. ప్రతి మూటా విప్పాలి, మళ్ళీ కట్టాలి. వాఘాలో మళ్ళీ అదే. గడియారం మాత్రం అరగంట వెనక్కి తిప్పుకున్నాం.

కరాచీ స్టేషన్లో ఖాలా చక్రాల కుర్చీలో వచ్చింది. అక్కచెల్లెళ్ళు చాలాసేపు మాట్లాడుకోలేదు, చేతులు పట్టుకుని ఉండిపోయారు. సామాను ఎంత తెచ్చామని ఎవరూ అడగలేదు. రెండు రోజుల తర్వాత అమ్మీ పచ్చడి సంగతి చెప్పి బాధపడితే ఖాలా నవ్వింది. మమ్మల్ని హైదరాబాద్ కాలనీకి తీసుకుపోయింది. మన ఊరినుంచి పోయినవాళ్ళ పేట అది. అక్కడి దుకాణాల్లో మన పచ్చళ్ళు జాడీలు జాడీలుగా వరుసగా పెట్టి అమ్ముతున్నారు! ఖాలా తిరిగి తిరిగి అడిగి చూసుకున్నది ఒక్కటే: ట్రంకు అడుగున అమ్మీ పెట్టిన పాత ఫోటోల కవరు. దాని బరువు పావుకిలో లేదు.

కనుక పిల్లలారా, నా అనుభవం మీద నాలుగు మాటలు. మొదటిది, ప్రయాణంలో అన్నిటికంటే కష్టమైన మార్పు ఏ స్టేషన్లో ఉందో ముందే తెలుసుకోండి. అక్కడ ఎవరి సాయమూ లేకుండా ఒక్క విడతలో మోయగలిగినంతే కట్టండి. రెండవది, పాస్‌పోర్టు, టిక్కెట్టు, మందులు, కొంత డబ్బు ఒంటిమీద ఉండాలి. నిద్రలో కూడా. మూడవది, కూలీని పెట్టుకుంటే బిల్లా నంబరు కాగితంమీద రాసుకోండి, రైలు పేరు, డబ్బా నంబరు అతనికి చెప్పండి. నాల్గవది, శాల్తీల లెక్క ఇంట్లో అందరికీ నోటికి రావాలి. దిగగానే పసిపిల్ల చేతకూడా లెక్కపెట్టించండి.

ఊరు ఒకటే కదా, స్టేషను ఒకటే అయి ఉంటుందని ఎప్పుడూ అనుకోవద్దు. మనవాళ్ళు కలకత్తా పోతే హౌరాలో దిగుతారు. 2008లో మొదలైన ఢాకా రైలు, మైత్రీ ఎక్స్‌ప్రెస్, బయలుదేరింది హౌరా నుంచి కాదు, నదికి ఇవతల చిత్‌పూర్‌లో ఉన్న కోల్‌కతా స్టేషన్నుంచి. ఆ రైలూ 2024 జూలైలో ఆగింది. లండన్ నుంచి ప్యారిస్ పోయే రైలు గార్ దు నోర్‌లో దింపుతుంది, ఫ్రాన్సు దక్షిణానికి పోయే రైళ్ళు గార్ ద లియోన్ నుంచి. మధ్యలో నేలకింది రైల్లో మెట్లెక్కి దిగాలి. అక్కడ ఎర్రచొక్కా మనిషి దొరకడు. పాస్‌పోర్టు తనిఖీ కూడా రైలెక్కకముందు లండన్‌లోనే అయిపోతుంది, దానికి వేళ చేతిలో ఉంచుకోవాలి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. 2007 ఫిబ్రవరి 18 రాత్రి, మేము పోయిన ఆ రైల్లోనే, పానిపట్టు దగ్గర బాంబులు పేలి 68 మంది చనిపోయారు. వాళ్ళూ మాలాగే మూటలు కట్టుకుని చుట్టాలకోసం పోయినవాళ్ళే, వస్తున్నవాళ్ళే. అయినా రైలు నడిచింది, జనం ఎక్కారు. జోధ్‌పూర్ మీదుగా 1965లో మూతపడ్డ దారి 2006 ఫిబ్రవరిలో థార్ ఎక్స్‌ప్రెస్‌తో తెరుచుకుంది. 2019 ఆగస్టులో రెండు రైళ్ళూ ఆగిపోయాయి.

అమ్మీ 2011లో పోయింది. ఖాలా ఆ తర్వాత రెండేళ్ళకు. ఆ డిసెంబరులో సామాను ఇంకా సర్దలేదనో, చలి తగ్గాక పోదామనో ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. పోగలిగినప్పుడే పోవాలి, తేలిగ్గా పోవాలి. మీ ఇళ్ళల్లో ఇలాగే ఎదురుచూస్తున్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, ట్రంకు నిండేదాకా ఆగకండి.