ట్రంకు పెట్టెలో సోవియట్ బ్యాడ్జీ

1952లోనే కమ్యూనిస్టు నేత యెద్దుల ఈశ్వరరెడ్డిని లోక్‌సభకు పంపిన ఊరు కడప. ఇక్కడి నుంచి ‘సంవేదన’ పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి, మన రారా, కొన్నేళ్లు మాస్కోలో తెలుగు అనువాదకుడిగా పనిచేశారు. అందుకే కడప, కర్నూలు వైపు పాత ట్రంకు పెట్టెల్లో, సోవియట్ పుస్తకాల నడుమ చిన్న బ్యాడ్జీ దొరికితే పారేయకండి.

ఎర్ర నక్షత్రం మధ్యలో ఉంగరాల జుట్టు పసివాడుంటే అది బడిపిల్లల బ్యాడ్జీ. ఆ పసివాడు లెనినే. నక్షత్రం పైన మూడు మంటలుంటే పయనీర్లనే సోవియట్ బాలల సంఘానిది. ఎలుగుబంటి పిల్ల మీషా కనిపిస్తే 1980 మాస్కో ఒలింపిక్స్ జ్ఞాపిక.

ఇప్పుడు వెనక్కి తిప్పండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. సన్నని పిన్ను, తేలికపాటి అల్యూమినియం, కొన్నింటి మీద కోపెక్కుల్లో ధర కూడా. అంటే అంగట్లో అమ్మినవి. లక్షల్లో చేశారు కాబట్టి వెల తక్కువే, కానీ నాకవంటే ప్రాణం. అదే వెనక మరచీల, బిళ్లనట్టు, చెక్కిన వరస సంఖ్య ఉంటే జాగ్రత్తపడాలి. ఎర్ర నక్షత్రం ఆర్డరు అనే సైనిక పురస్కారం అలాంటిది, వెండితో చేసి యుద్ధంలో పోరాడినవారికి ఇచ్చింది. ఆ సంఖ్య పట్టుకుని అదెవరి ఛాతీ మీద మెరిసిందో పాత రికార్డుల్లో వెతకవచ్చు. 1985లో, రెండో ప్రపంచ యుద్ధ విజయానికి నలభై ఏళ్లు నిండినప్పుడు, బతికున్న యోధులకు దేశభక్త యుద్ధ ఆర్డరు ఇచ్చారు. అవి ఎక్కువగా కనిపిస్తాయి.

ఏది దొరికినా ఇత్తడి చెంబులా చింతపండుతో తోమకండి. రంగు, అక్షరాలు పోతాయి. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఎవరు తెచ్చారో ఇంట్లో పెద్దవాళ్లనడిగి చీటీ రాసి పెట్టండి.