బరువు లాగు బండి

అమెరికాలో గుఱ్ఱములను, పడవలను, చక్రముల యిండ్లను ట్రెయిలరు రూపమున పికప్ అను చిన్న లారీకి తగిలించి దూరప్రయాణము చేయుట పరిపాటి. ఇట్టి పనికి డీజెలు పికప్పును ఎన్నుకొనువారు దేనిని చూడవలెనో నేడు మనము విచారింతము.

డీజెలు యంత్రములో నిప్పురవ్వతో పనిలేదు. గాలిని మిక్కిలిగా నొక్కి వేడెక్కించి, అందులోనికి ఇంధనమును చిమ్మగా అది తనంతట మండును. తక్కువ వేగముననే చక్రములను బలముగా త్రిప్పగలుగుట దీని గుణము. 1989 నమూనా డాడ్జి పికప్పులో 5.9 లీటర్ల, ఆఱు సిలిండర్ల కమిన్స్ యంత్రమును అమర్చిరి. బరువులు లాగువారిని అది విశేషముగ ఆకర్షించెను. అయితే ప్రకటనలలో పెద్ద అక్షరములతో కనబడు లాగుశక్తి నొక్కదానినే నమ్మరాదు.

మన యెడ్లబండిని తలచుకొందము. బరువు ముందునకు మొగ్గినచో ఎడ్ల మెడలు క్రుంగును. వెనుకకు మొగ్గినచో కాడి పైకి లేచును. ట్రెయిలరుకును ఇదే ధర్మము. పికప్ వెనుక కొక్కెమునకు తగిలించు ట్రెయిలరు బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు ఆ కొక్కెముపై నుండవలెను. తగ్గినచో ట్రెయిలరు ఇటునటు ఊగి బండినే త్రిప్పివేయవచ్చును. పికప్ తొట్టిలో బిగించు పెద్ద ట్రెయిలరులకు ఈ పాలు 15 మొదలు 25 వఱకు నుండును. 5,000 కిలోల ట్రెయిలరులో నూటికి 20 పాళ్లనగా 1,000 కిలోలు. పికప్ మోయగలది 1,200 కిలోలే యైనచో మిగులునది 200. నలుగురు పెద్దలు కూర్చుండగనే ఆ హద్దు దాటును. డీజెలు యంత్రము తానే బరువైనది గనుక, అదే తరగతి పెట్రోలు బండికంటె ఈ హద్దు తఱచు తక్కువగా నుండును. డ్రైవరు తలుపు చట్రము కడ అంటించిన చీటీలో దానిని కొనుటకు ముందే చదువవలెను.

ఇక పల్లపు దారి మాట. కొలరాడోలో 1973లో తెరచిన ఐసెన్‌హోవర్ సొరంగము సుమారు 3,400 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటినుండి పడమటికి దిగు బాట, నూఱు మీటర్లకు ఏడు మీటర్ల వాలుగా నుండును. ఎక్కునపుడు శక్తి చాలకున్న ఆలస్యమగును; దిగునపుడు బ్రేకులు చాలకున్న ప్రాణములే పోవును. ఎడతెగక నొక్కిన బ్రేకులు వేడెక్కి పట్టు వదలును. కావున యంత్రపు పొగదారిని బిగించి వేగమును అదుపులో నుంచు ఎగ్జాస్టు బ్రేకు పికప్పునకు, విడి బ్రేకులు ట్రెయిలరుకు ఉన్నవా యని ముందుగా విచారింపవలెను.

ఏటికి ఒకటి రెండు పర్యాయములు తేలిక బరువు లాగువారికి పెట్రోలు బండి చాలును. డీజెలుకు ధరయు, మరమ్మతు వ్యయమును అధికము. తఱచు కొండదారుల బరువులు లాగువారికి డీజెలే తగినది. ఎవరికైనను మేము చెప్పునది ఒక్కటే: బండి ఎంత నిలుపగలదో, ఎంత మోయగలదో తెలిసికొనిన పిదపనే ఎంత లాగగలదని యడుగుడు.